నడుం నొప్పీ, చీటీ అడిగే షాపూ: మేనల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మావ దీవించి రాసేది. ఈడ మీ అత్తా నేనూ బాగానే ఉన్నాం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. డాక్టరు చీటీ లేందే ట్రమడాల్ నొప్పిబిళ్లలు ఇయ్యనని మందుల షాపాయన అన్నాడనీ, నువ్వు ఆయన మీద నోరు పారేసుకున్నావనీ, మూడు రోజులుగా టిప్పర్ ఎక్కకుండా ముసుగుతన్ని పడుకున్నావనీ. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు. కాగితమైతే కోపం తగ్గాకైనా చూస్తావని రాస్తున్నా.

ముందు ఒకటి అడుగుతా. ఈ మూడు రోజులూ ఊరికే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా చెమటలు, అంతలోనే రోమాలు లేవడం, కడుపు జారడం, రాత్రయితే కాళ్లు ఒకచోట పెట్టలేకపోవడం, ఇవి ఉన్నాయా? ఉంటే అది జలుబూ కాదు, ఎండదెబ్బా కాదు. రోజూ వేసే ట్రమడాల్ ఒక్కసారిగా ఆగితే ఒళ్లు చేసే గోల అది. నాకెట్టా తెలుసంటావా? 2018లో నేనూ పడ్డా.

నా నడుం పోయింది 2009లో. పొగాకు కాల్చే బ్యారన్‌కి ఆకు ఎక్కిస్తున్నాం. పై వాసాల మీద రెండు కాళ్లూ చాపి నిలబడి, కింద నుంచి అందించే కర్రలు సర్దుతున్నా. పచ్చాకు కర్ర ఎంత బరువుంటదో నీకు తెలుసు. ఒకటి అందుకుంటూ పక్కకి తిరిగా. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు, నాకొక్కడికే వినపడింది. దించడానికి నలుగురు పట్టారు. డాక్టరు ఆ బిళ్లలు రాసింది పదిరోజులకి. నేను మింగింది తొమ్మిదేళ్లు. తప్పు ఆయనది కాదు. స్ట్రిప్పు చివర ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని, అది చూపిస్తే షాపులో ఇచ్చేవాళ్లు. రోజుకి రెండుతో మొదలై ఆరుకి వచ్చింది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

2018 ఏప్రిల్లో ట్రమడాల్‌ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అదే ఎన్డీపీఎస్, 1985 నాటి చట్టం. అంతకుముందు 2014 నుంచే అది హెచ్‌వన్ జాబితాలో ఉంది. అంటే అమ్మినప్పుడల్లా రాసిన డాక్టరు పేరూ అడ్రసూ, కొన్నవాడి పేరూ, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నిన్నటిదాకా ఇచ్చినవాడు ఇయ్యాళ లేదంటున్నాడని. నీలాగే నేనూ అరిచా. "పెదనాయనా, నా లైసెన్సు పోతే నా పిల్లలకి నువ్వు పెడతావా" అన్నాడు. ఇప్పుడు చూడు, రాష్ట్రంలో ఈగల్ అని మత్తుమందుల మీద ప్రత్యేకంగా పోలీసు విభాగమే పెట్టారు. మందుల షాపులకీ తనిఖీలొస్తున్నాయి. మీ షాపాయన నీ మీద కసితో లేదన్నాడనుకోమాక.

ఆ మూడో రాత్రి సంగతి రాస్తా, సిగ్గయినా. నులకమంచం మీద పడుకోలేను, వరండాలో నిలబడలేను. కాళ్లలో చీమలు పాకినట్టుంటే మోకాళ్లు బాదుకుంటూ కూర్చున్నా. మీ అత్త దిష్టనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటుకి నేను దగ్గుతుంటే ఆమె ఏడుపు. తెల్లారి ఒకడి దగ్గర నాలుగింతల డబ్బు పోసి రెండు స్ట్రిప్పులు కొన్నా. ఏ ఊళ్లో చేసినవో, లోపల ఏముందో దేవుడికెరుక. అయినా మింగా. నువ్వు ఆ పని చెయ్యమాక. ఇంకో మాట. నాలుగైదు రోజులు ఆగాక ఎక్కడో బిళ్లలు దొరికాయని పాత లెక్కనే గుప్పిట్లో వేసుకోమాక. ఆగిన ఒళ్లు పాత మోతాదుకి తట్టుకోదు, ఊపిరి మీదికి వస్తది. దాని మీద క్వార్టరు పడినా, నిద్రబిళ్ల పడినా అంతే. వేసినన్ని వేసుకుంటూ పోతే ఫిట్స్ వచ్చేది కూడా ట్రమడాల్‌తోనే. క్వారీ దిగే మలుపులో స్టీరింగు చేతిలో ఉండగా అదొస్తే ఏమైతదో నీకు చెప్పక్కర్లేదు.

చివరికి ఒంగోల్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయా. "రోజుకెన్ని?" అంది. పరువుకి పోయి మూడన్నా. ఆమె మూడు లెక్కనే తగ్గించే చీటీ రాసింది. వారం తిరక్కముందే మళ్లీ అదే గోల. రెండోసారి పోయి ఆరని ఒప్పుకున్నా. తిట్టలేదు. "ఈ మాట మొదటే చెబితే నీకో వారం నరకం తప్పేది" అని మళ్లీ మొదట్నుంచి లెక్క గట్టింది. నెలకి ఒకటి చొప్పున తగ్గించి ఏడు నెలలకి ఆపించింది. నడుమ మా చిన్నాయన పోయినప్పుడు ఒక నెల తగ్గించకుండా అక్కడే ఉంచింది. నీ లెక్క నాదే కావాలని లేదు, ఎంత నెమ్మదిగా దిగాలో రాసే డాక్టరే చెప్పాలి. ఆరైతే ఆరు, పదైతే పదని చెప్పు. వేరేవి ఏం వేస్తున్నావో, నిద్రబిళ్లా మందూ సహా, అదీ చెప్పు. కొన్ని దిగులుకిచ్చే మందులకీ ట్రమడాల్‌కీ పడదు.

ఇది మన దగ్గరే ఉన్న తంటా కాదు. నీ మరదలు అమెరికాలో ఫిజియోథెరపీ చేస్తంది గదా, అది చెప్పింది. అక్కడ ముందు ఈ ట్రమడాల్ జాతి మత్తు నొప్పిబిళ్లలు విచ్చలవిడిగా రాసి, జనం చచ్చిపోతుంటే 2016లో డాక్టర్లకి సూచనలిచ్చి కళ్లెం వేశారంట. చాలామంది డాక్టర్లు భయపడి ఏళ్ల తరబడి వాడేవాళ్లకి ఒక్కసారిగా తెగ్గోశారు. వాళ్లు విలవిల్లాడారు. 2019లో అక్కడి మందుల శాఖే అట్టా హఠాత్తుగా ఆపొద్దని హెచ్చరించాల్సొచ్చింది, 2022లో ఆ 2016 నాటి సూచనల్నీ సడలించి రాశారు. కాబట్టి కట్టడి మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, షాపులో దొరక్కపోవడం మంచిదే, దొరకనివాడికి తర్వాత ఎటు పోవాలో చెప్పే దిక్కు లేకపోవడం చెడ్డది అంటా.

ఆ మందులేమన్నా నడుముని బాగు చేస్తాయా అంటే అదీ లేదు. అక్కడే మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 240 మందిని ఏడాదిపాటు చూశారంట. సగం మందికి ఇవీ, సగం మందికి మామూలు నొప్పి మందులూ ఇస్తే, పని చేసుకోవడంలో ఇద్దరూ ఒకటే. పైగా ఈ మందులు వేసినవాళ్లకే నొప్పి కాస్త ఎక్కువ. 2018లో ఆ లెక్క బయటికొచ్చింది. తొమ్మిదేళ్లు మింగినవాడిగా నేను నమ్ముతా.

ఇప్పుడు నువ్వు పోయే రెండో దారి నాకు తెలుసు. ఆరెంపీ దగ్గర సూది. నొప్పి మందు డైక్లోఫెనాక్ సగం, స్టెరాయిడ్ డెక్సా సగం. సాయంత్రానికి లేచి తిరుగుతావు, వారానికి మళ్లీ పోతావు. మీ నాన్న వైపు వాళ్లది కనిగిరి దగ్గర. చిన్నప్పుడు తాగిందంతా అక్కడి బోరునీళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎముకల్ని బిగదీస్తది, వెన్ను కర్రలా అవుతది. డాక్టరుకి ఆ మాట కూడా చెప్పు, వాళ్లంతట వాళ్లు అడగరు. పైగా ఆ పడమటి ఊళ్లలో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవాళ్లని చూశాం. డైక్లోఫెనాక్ జాతి మందులు కిడ్నీకి పడవు, కడుపులో పుండు చేస్తాయి. నీకు బీపీ కూడా ఉంది. అవి అసలే వద్దని కాదు, రక్తపరీక్ష చూసి, ఎన్ని రోజులో డాక్టరు రాసినన్నే.

డాక్టరు దగ్గర మనకి దొరికేది రెండు నిమిషాలు. "బాగా నొప్పండీ" అంటే ఆయనకేం తెలియదు, అందరూ అదే అంటారు. "పావుగంట మించి నిలబడలేను, బండి రెండు గంటలు నడిపితే ఎడమ పిక్కలోకి లాగుద్ది, రాత్రి మూడింటికి మెలకువొస్తది" అను. నరం నొప్పికి వేరే మందులున్నాయి, అవి ఈ జాతివి కావు. ఆ ముక్క నీ మాటల్లో తెలిస్తేనే రాస్తారు. తగ్గించడం మొదలుపెట్టాక ఒకే డాక్టరు, ఒకే షాపు. చీటీ మీద తేదీ, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో బయటికి రాకముందే చూసుకో. తిరిగి పోవడం నడుముకి శిక్ష.

ఎమ్మారై చూపించి "డిస్కు అరిగిందంట మావా" అని బెంబేలెత్తావు మొన్న. నొప్పి అంటే ఏందో ఎరగనివాళ్లకి తీసినా ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి అరుగుదల కనపడిందంట. ఆ కాగితాన్ని జాతకంలా పట్టుకుని తిరగమాక. బెల్టు కూడా తీసి పక్కన పెట్టు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం నడుం నొప్పికి బెల్టులూ, బరువులు కట్టి లాగడాలూ, ఈ మత్తు నొప్పిబిళ్లలూ మామూలుగా వాడొద్దంది. నేను ఆ బెల్టు నాలుగేళ్లు కట్టా. అది ఉందన్న ధైర్యంతో బేళ్లెత్తా. ఇప్పుడు దాంతో మీ అత్త పందిరికి కాకర తీగ కట్టింది.

పనికొచ్చింది నడక. నవ్వొస్తది, టిప్పర్ డ్రైవరుకి నడకేందని. 2024లో ఆస్ట్రేలియావాళ్లు నడుం నొప్పి తగ్గిన 701 మందిని చూశారు. ఊరికే ఉన్నవాళ్లలో సగం మందికి 112 రోజుల్లోపే తిరగబెట్టింది, నడిచినవాళ్లలో ఆ సగానికి 208 రోజులు పట్టింది. నేను మొదలుపెట్టింది మా ఇంటి నుంచి రామాలయం దాకా, నూటయాభై అడుగులు. రెండు నెలలకి చెరువుకట్ట. అక్కడే ఒక తప్పు చేశా. ఒకరోజు నొప్పి లేదని కట్ట చివరిదాకా పోయి, వచ్చేటప్పుడు పుల్లలమోపు కూడా ఎత్తా. మూడు రోజులు మంచం. మనలాంటివాళ్లని ముంచేది నొప్పున్న రోజు కాదు, లేని రోజు. ఆ రోజు వారం పని ఒక్కపూట చేసేస్తాం. క్యాలెండర్లో రాసుకో, ఎంత నడిచావు, ఎన్ని ట్రిప్పులేశావు, రాత్రి ఎట్టా గడిచింది. నెల తిరిగితే నీ నడుం లెక్క నీకే కనపడతది. నాకు కనపడిందేందంటే, నిద్ర లేని మర్నాడు నొప్పి రెట్టింపు. బరువెత్తిన మర్నాడు కూడా అంత లేదు.

బండి సంగతి. క్యాబిన్లోంచి దూకమాక, ముఖం బండివైపు పెట్టి మెట్టు మెట్టూ దిగు. గంటల తరబడి కుదుపుల్లో కూర్చున్న వెన్ను దిగంగానే బరువుకి సిద్ధంగా ఉండదు. దిగినాక అయిదు నిమిషాలు తిరిగి, అప్పుడు టైరో జాకీనో ముట్టుకో. తువ్వాలు గుండ్రంగా చుట్టి నడుం వంపులో పెట్టుకో. సీటు స్పాంజి కుంగిపోతే ఓనరుని అడుగు. మార్చకపోతే నీ డబ్బులతో మార్చు, అయిదారు స్ట్రిప్పుల ఖర్చు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యమాక. మూత్రం బిగదీసినా, తెలియకుండా పోయినా, కూర్చునేచోట తిమ్మిరెక్కినా, నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోతున్నా ఆ రోజే, ఆ గంటే పెద్దాసుపత్రికి పోవాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నా చెప్పాలి, వెన్నుకి టీబీ వస్తది మన దేశంలో.

ఇక ఇంట్లో. "కుమ్మినట్టు తింటాడు, పనంటే నడుం" అని మీ చిన్నాన్న అన్నాడంట. నన్నూ అన్నారు. కాలు విరిగితే కట్టు కనపడతది, ఇది కనపడదు. నేను కోపం మనసులో పెట్టుకుని మీ అత్త మీద చూపించా చాలాకాలం. నువ్వు మీ ఆవిడతో ఏం చెయ్యగలవో ఏం చెయ్యలేవో విడమర్చి చెప్పు. నీళ్ల టిన్ను ఎత్తలేను, కూరగాయలు తరుగుతా, పిల్లోడికి లెక్కలు చెబుతా, ఇట్టా. తల బరువెక్కి ఏమీ వద్దనిపించే రాత్రులొస్తాయి, దాచుకోమాక. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మత్తు అలవాటు మానుకోడానికి వేరే నంబరుంది, 14446. నేను చెయ్యలేదు, అప్పటికి నాకు తెలియదు.

సోమవారం ఒంగోలు పోదాం, నేనూ వస్తా. అంతదాకా ఆగలేకపోతే రేపే దగ్గర్లో ఉన్న సర్కారాసుపత్రికి పోయి ఉన్నదున్నట్టు చెప్పు. కడుపు జారుతుంటే ఓఆర్ఎస్ తాగు. సోమవారం పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు, ఎమ్మారై అన్నీ ఒక సంచిలో పెట్టుకుని ఆదివారం సాయంత్రానికే ఇక్కడికి రా. బస్సులో వెనక సీటెక్కమాక, ఖాళీ లేకపోతే తర్వాతది చూసుకో. టంగుటూరులో దిగి ఫోన్ చేస్తే బండి పంపుతా. సంచి ఆ బండి తెచ్చే అబ్బాయి మోస్తాడు, నువ్వు ఎత్తమాక.

మీ మావ