పడవను ఎండబెట్టకు, అల్లుడూ

కర్నూలు,
ఫిబ్రవరి నెల, ఆదివారం ఉదయం.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం.

మామిడి పూత ఎలా ఉందో చూసి రమ్మని మీ అమ్మ పంపితే నిన్న నందికొట్కూరు దగ్గరి నీ తోటకు వెళ్లాను. పూత బాగానే ఉంది. కానీ నా కళ్లు పూత మీద నిలవలేదు. కోనసీమ నుంచి లారీలో తెప్పించిన ఆ పడవ బోరుబావి పక్కన నడి ఎండలో, నాలుగు ఇటుకల మీద ఎండుచేపలా పడి ఉంది. వార్నిష్ కొట్టించి తళతళలాడించాలని, ఏ రకం మంచిదో చెప్పమని మొన్న ఫోనులో అడిగావు. ఫోనులో జవాబు చెబితే సగం వింటావు, మిగతా సగం చెప్పేలోపు నీకు ఇంకెవరో ఫోను చేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

వార్నిష్ మాట ప్రస్తుతానికి మరిచిపో. ఇది చదవగానే తోట కాపలా చూసే అతనికి ఫోను చేసి, పడవను నలుగురి చేత మోయించి చింతచెట్టు నీడకు చేర్పించు. లోపల గోనె సంచులు పరిచి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటిని తడపమను. మిగతా ఉత్తరం తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

చెక్క పడవను నీళ్లు పాడుచేస్తాయని అందరూ అనుకుంటారు. మన ఊళ్లో దాన్ని చంపేది ఎండ. పుట్టినప్పటి నుంచి కాలువలో నానిన చెక్క అది. దాన్ని తెచ్చి నలభై మూడు డిగ్రీల ఎండకు, తేమలేని గాలికి వదిలితే పలక అడ్డంగా కుంచించుకుపోతుంది, పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. మీ తాత ఎద్దుల బండిని వేసవిలో వంక నీళ్లలో కాసేపు నిలబెట్టడం నువ్వు చూసి ఉండవు. చక్రం కర్ర ఎండి ఇనుప కమ్మి వదులైతే, నీళ్లు తాగి కర్ర ఉబ్బి మళ్లీ కమ్మిని పట్టుకునేది. పడవ కిటుకు కూడా అదే. పడవలో నీరు రాకుండా ఆపేది రంగు కాదు, మేకు కాదు. పలక తాగిన నీరే పలకల సందును మూసేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసే రోజుల్లో వేలంలో ఒక చిన్న టేకు పడవ కొన్నానని నీకు తెలుసు. మొదటి వేసవిలో దాన్ని తుంగభద్ర ఒడ్డున బోర్లించి ఊరుకున్నాను. జూన్‌లో చూస్తే ఇటు నుంచి అటు వెలుతురు కనబడుతోంది. ఊళ్లో ఒక మేస్త్రీ, గట్టిపడితే రాయిలా ఉండే ఏదో ముద్ద తెచ్చి సందులన్నీ నింపాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. నదికి నీళ్లు వచ్చాయి, పడవ దింపాం, చుక్క నీరు కూడా కారలేదు. మేస్త్రీకి కొత్త పంచె కూడా పెట్టాను. నాలుగో రోజు రాత్రి టపటపమని చప్పుడు! నీళ్లు తాగిన పలకలు ఉబ్బుతున్నాయి, ఉబ్బడానికి చోటు లేదు, సందులో రాయి ఉంది. చెక్క ఊరుకుంటుందా? పలకలు, వాటిని లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కర్రల నుంచి మేకులతో సహా ఊడి వచ్చాయి. మూడు వంపు కర్రలు విరిగాయి. ఎండిన పడవ సందుల్లో గట్టిపడే పదార్థం ఏదీ పెట్టకూడదని ఆ రాత్రి తెలిసింది. ఫైబర్ గుడ్డ అంటించి జిగురు పూస్తామని కూడా నీ దగ్గరకు ఎవరో ఒకరు వస్తారు. పాత చెక్కకు అది ప్లాస్టిక్ సంచిలో కట్టిన అన్నంలాంటిది. లోపలి తేమ బయటకు పోలేక చెక్క కుళ్లుతుంది, పైకి మాత్రం నున్నగా కనబడుతుంది.

కుళ్లు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుంటే పడవలో దేన్ని వెతకాలో తెలుస్తుంది. ఎప్పుడూ నీళ్లలో ఉండే చెక్క కుళ్లదు, ఎప్పుడూ పొడిగా ఉండేదీ కుళ్లదు. తడీ గాలీ కలిసి ఆడే చోటే బూజు పెరుగుతుంది. కంచె గుంజ భూమిలో లోతున గట్టిగానే ఉండి, సరిగ్గా నేల దగ్గర విరుగుతుంది చూడు. సంగమేశ్వరంలో శివలింగం వేపదారువని నీకు తెలుసు కదా. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ స్వామి నీళ్లలోనే ఉంటాడు. వేసవిలో నీటిమట్టం తగ్గాక వెళ్లి దర్శనం చేసుకో, చేసుకుంటూ ఆ కర్రను కూడా చూడు. కాబట్టి నది నీళ్లకు భయపడకు. పడవ లోపల నిలిచే వాన నీటికి భయపడు. ముందు మూల, వెనక మూల, అడుగు దూలం మీద వంపు కర్రలు కూర్చునే గూళ్లు, కూర్చునే పలకల కింద: చెత్త చేరి, వాన నీరు ఇంకకుండా ఉండేవి ఈ చోట్లే.

వాటిని పరీక్షించడానికి పెద్ద సామాను అక్కరలేదు. మార్కెట్ యార్డులో ఉల్లి గోతాలు కుట్టే దబ్బనం ఒకటి తీసుకో. గట్టి చెక్కలో దాని మొన దిగదు. కుళ్లిన చోట వెన్నలో దిగినట్టు దిగుతుంది. తర్వాత చెక్క సుత్తితో పలకల వెంబడి తట్టుకుంటూ వెళ్లు. మంచి చెక్క టంగుమంటుంది, చచ్చినది బొద్దుమంటుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తావు, లక్ష పోసి కొన్న పడవను తట్టావా? నేను నిన్న తట్టాను. వెనక మూలలో ఒక పలక, దాని కింద ఒక వంపు కర్ర పోయాయి. మిగతాది మంచి టేకు. నువ్వు మోసపోలేదు, అది సంతోషం.

టేకు సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. 1817లో బొంబాయిలో వాడియా వడ్రంగులు బ్రిటిష్ నౌకాదళానికి ట్రింకోమలీ అనే యుద్ధనౌకను మలబారు టేకుతో కట్టారు. అప్పటికి ఇంగ్లండులో ఓక్ కలపకు కరువు వచ్చింది. ఆ నౌక ఇప్పటికీ హార్ట్‌ల్‌పూల్ రేవులో తేలుతూనే ఉంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకే అది మిగతా కలపలా ఎక్కువ కుంచించుకుపోదు, ఇనుప మేకును ఓక్ కలపలా తినేయదు. అయినా నీ పడవలో కొన్ని మేకులు తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడింది. వాటిని మార్చేటప్పుడు రాగి మేకులు వేయించు. కానీ ఒకే పలకలో కొన్ని రాగివి, కొన్ని ఇనుపవి వద్దు. తడిలో రెండు లోహాలు పక్కపక్కన ఉంటే రాగి బాగానే ఉంటుంది, ఇనుము కరిగిపోతుంది.

అసలు మేకే లేకుండా కట్టిన పడవలు కూడా ఉన్నాయి. ఈజిప్టులో పెద్ద పిరమిడ్ పక్కన 1954లో బయటపడ్డ ఖుఫూ రాజు ఓడ దాదాపు 43 మీటర్ల పొడవు. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి దేవదారు పలకలు, అన్నీ తాళ్లతో కుట్టినవే. మన తూర్పు తీరంలో అలల మీద సరుకు దింపిన మసూలా పడవలు కూడా కొబ్బరి తాడుతో కుట్టినవే. మేకు కొట్టిన పడవ ఇసుకకు కొట్టుకుంటే పగిలేది, కుట్టినది అలతో పాటు వంగి లేచేది. 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేర్చిన కౌండిన్య ఓడను అజంతా గోడ బొమ్మ చూసి ఆ పద్ధతిలోనే కుట్టారు. దాని ఫొటోలు ఫోనులో చూడు. నువ్వు రోజూ చూసే చెత్త కంటే నయం.

ఇప్పుడు సందుల పని. వారం రోజులు గోనె సంచులు తడిపాక పలకలు కొంత దగ్గరవుతాయి. అప్పటికీ మిగిలిన సందుల్లోనే పని చేయాలి. పాత దూదిని, తారును మొండి ఉలితో మెల్లగా గీరి తీయాలి. ఆదోని పత్తి దూదిని వదులుగా వత్తిలా పేని, సందులో పెట్టి, అంచు మొద్దుగా ఉన్న ఉలితో తట్టాలి. దీపం వత్తి చేసిన చేతికి ఇది వెంటనే వస్తుంది. మీ అమ్మమ్మ ఉంటే గంటలో ముగించేది. బలంగా మాత్రం కొట్టకు. పలక ఉబ్బడానికి చోటు ఉండాలి, నా మూడు వంపు కర్రల్ని గుర్తు పెట్టుకో. దాని మీద గుగ్గిలం పొడిని నూనెలో కాచి పూస్తారు. కాచేటప్పుడు మంట సన్నగా ఉండాలి, పెరట్లో కాయాలి, వంటింట్లో కాదు. పడమటి తీరంలో జీడిమామిడి గింజల పెంకు నూనె పూస్తారు, మంచిదే. కానీ చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గ్లౌజులు లేకుండా దాని జోలికి పోయి నేను పది రోజులు స్పూనుతో అన్నం తిన్నాను.

నీళ్లలో దింపిన మొదటి రోజు పడవ కారుతుంది. కంగారు పడి బయటకు లాగకు. మోకాలి లోతు నీళ్లలో తాడు కట్టి, మునిగితే మునగనివ్వు. రెండు మూడు రోజుల్లో పలకలు కలుసుకుంటాయి, అప్పుడు నీళ్లు తోడేస్తే తేలుతుంది. వేసవికి కూడా అదే ఉపాయం. నది అడుగంటినా శ్రీశైలం వెనక నీళ్లు మీ వైపు మడుగుల్లో నిలుస్తాయి. రాళ్లు పెట్టి పడవను అందులో ముంచేసి, వానలు పడేటప్పుడు పైకి తీసుకోవచ్చు. ఊళ్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. మడుగు దొరక్కపోతే నీడ, తడి ఇసుక, గోనె సంచులు.

రంగు చివర. నీటి పైభాగానికి లేత రంగు వేయించు. నల్ల రంగు, తారు మన ఎండలో పెనంలా కాలి పలకను ఆరబెడతాయి. లోపలి వైపు మందంగా పూయకు. వార్నిష్ అంత ముచ్చటైతే తెడ్లకు పూసుకో.

కరువు సీమలో పడవేమిటని నిన్న మీ తోట దగ్గర ఒకాయన అన్నాడు. ఆయనకు చెప్పలేదు కానీ నీకు చెబుతాను. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఇదే తుంగభద్ర మీద గుండ్రటి బుట్ట పడవలు చూశాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కేవారట, పడవ గిరగిరా తిరుగుతూనే పోయేదట. అది మన పుట్టి కాక మరేమిటి? ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది, తిరగడం మాత్రం పోలేదు. మన కేసీ కాలువ, అదే కర్నూలు–కడప కాలువ సంగతి చూడు. 1860ల్లో సుంకేసుల నుంచి కడప దాకా ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించినప్పుడు, పొలాలకు నీళ్లతో పాటు పడవల రాకపోకలు కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయి. లాకులు అందుకే కట్టారు. రైలు కంటే పడవ చవక అని కాటన్ దొర జీవితమంతా వాదించాడు. కంపెనీ లెక్క తప్పింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది, సరుకు పడవల కల నీరుగారింది. ఆలంపురం గుడికి రాళ్లు మోసిన బండ్లు నది దాటే ముందు కందెన పూసుకున్న చోటు కాబట్టి మనది కందనవోలు అయిందని పెద్దలు చెబుతారు. నది దాటడానికి ఆగిన జనంతో పుట్టిన ఊరికి పడవ కొత్తా?

తెడ్డు వేయడం ముందు పుట్టిలో నేర్చుకో. నది దగ్గర చేపలు పట్టేవాళ్లను అడిగితే నేర్పిస్తారు, బదులుగా డబ్బు ఇవ్వు, మాటతో సరిపెట్టకు. పుట్టిని తిన్నగా నడపగలిగిన చేతికి పొడవాటి పడవ ఆటబొమ్మ. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని ఎక్కించకు. గాలి లేచాక జలాశయం మధ్యకు పోకు, నల్లమల వైపు నుంచి వచ్చే గాలి చెప్పి రాదు. నలుగురిని ఎక్కించుకుని డబ్బు తీసుకునే ఆలోచన ఉంటే అనుమతులు తీసుకోకుండా ఆ పని పెట్టుకోవద్దు.

మోటారు కూడా పెట్టిస్తానన్నావు. నీ పడవ, నీ ఇష్టం. కానీ తెల్లవారుజామున, ఇంకా ఎండ రాకముందు, ఒక్కసారి తెడ్లతో వెళ్లి చూడు. పలకల కింద నీళ్లు గునగునమని మాట్లాడతాయి, తడిసిన టేకు వాసన వస్తుంది, పైకి లేచిన తెడ్డు నుంచి రాలే చుక్కల చప్పుడు కూడా వినబడుతుంది. మోటారు పెడితే ఈ మూడూ పోతాయి. నాకు ఉద్యోగంలో ఎన్నో చికాకులు ఉండేవి. వాటిలో సగం అలాంటి పొద్దుల్లోనే మరిచిపోయాను.

నా పడవ ఏమైందని నువ్వు ఎప్పుడూ అడగలేదు. 2009 అక్టోబరు 2న వరద ఊళ్లోకి వచ్చినప్పుడు అది మా పెరట్లోనే ఉంది. వానాకాలం కదా, పలకలు నిండా నీళ్లు తాగి బిగుసుకుని ఉన్నాయి, ఒక్క చుక్క కారలేదు. మా వీధిలో ముగ్గురు ముసలివాళ్లను అందులోనే డాబాల మీద నుంచి దింపాం. రెండో రోజు రాత్రి తాడు తెంచుకుని పోయింది. ఆ తాడు పాతదని నాకు ముందే తెలుసు, రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అనుకుంటూ మార్చలేదు. నీది నైలాను తాడు అయినా ముడి దగ్గర రాపిడి చూసుకుంటూ ఉండు.

నా దబ్బనం, చెక్క సుత్తి, రెండు మొండి ఉళ్లు అటక మీద నుంచి దింపి తుడిచి పెట్టాను. వచ్చే ఆదివారం తెచ్చిస్తాను. ఆ కుళ్లిన పలకకు సరిపడా పాత టేకు మన వీధి చివర కూలగొడుతున్న ఇంటి ద్వారబంధంలో దొరుకుతుంది, వాళ్లతో మాట్లాడి ఉంచాను. నువ్వు పాత బట్టలు వేసుకుని రా. గోనె సంచులు తడుపుతున్నారో లేదో ఈ రోజే కనుక్కో.

మీ మామయ్య