ముందు ఆ నీళ్ళ తొట్టి చూపించు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదర్శ వాయువు (అణువులు ఒకదాన్నొకటి లాక్కోని ఊహా వాయువు) అంతర్గత శక్తి, అంటే దాని అణువుల్లో ఉన్న మొత్తం శక్తి, దాని మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ రెండో పేరాలో "సైకిల్ పంపు కొడుతుంటే గాలి పీడనం పెరుగుతుంది, అందుకే అంతర్గత శక్తి పెరిగి పంపు వేడెక్కుతుంది" అన్నావు చూడు, అక్కడ చిర్రెత్తుకొచ్చింది. దానికి పైనే "ఆదర్శ వాయువు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది" అని రాశావు. రెండూ ఒకే చేత్తో ఎలా రాశావమ్మా? పంపు కొట్టినప్పుడు నీ చెయ్యి గాలి మీద పని చేస్తుంది. ఆ శక్తి బయటికి పోయేంత వ్యవధి లేక అణువుల వేగం పెరుగుతుంది. అదే గాలిని వేడి బయటికి పోనిస్తూ నెమ్మదిగా సగానికి నొక్కు. పీడనం రెట్టింపవుతుంది, అంతర్గత శక్తి మాత్రం పెరగదు.

ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుందన్న ఆ వాక్యం నువ్వు బట్టీపట్టి రాసింది. పాఠకుణ్ణి నమ్మించాలంటే ప్రయోగం చూపించాలి. 1845లో జౌల్ అనే శాస్త్రవేత్త, ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్‌లో బీరు తయారుచేసే ఇంటి పిల్లవాడు, రెండు రాగి పాత్రలు తీసుకున్నాడు. ఒకదాంట్లో 22 అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి పీడనానికి 22 రెట్ల దాకా, గాలి కూరాడు, రెండోదాంట్లో ఉన్న గాలి తోడేశాడు. మధ్య గొట్టానికి మర బిగించి, రెంటినీ నీళ్ళ తొట్టిలో ముంచి, మర తిప్పాడు. గాలి బుస్సున రెండో పాత్రలోకి దూరింది. నీళ్ళలో థర్మామీటర్ కదల్లేదు! గాలికి ఎదురుగా నెట్టడానికి ఏమీ లేదు కాబట్టి పని చెయ్యలేదు. నీళ్ళతో వేడి ఇచ్చిపుచ్చుకోనూ లేదు. పీడనం పడిపోయింది, ఘనపరిమాణం పెరిగింది, అంతర్గత శక్తి అంతే ఉంది, ఉష్ణోగ్రతా అంతే ఉంది.

అయితే తొట్టిలో నీళ్ళు ఎక్కువ, గాలి తక్కువ. చిన్న తేడా ఉన్నా తెలియదు. తర్వాత జౌల్ మరో శాస్త్రవేత్త విలియం థామ్సన్‌తో కలిసి సన్నటి రంధ్రాల అడ్డు గుండా గాలిని పంపితే అది కొద్దిగా చల్లబడింది. నిజం గాలిలో అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, విడిపోవడానికి శక్తి ఖర్చవుతుంది. ఆదర్శ వాయువులో ఆ లాగుడు లేదు. ఉష్ణోగ్రత ఒక్కటే ఎందుకో ఇప్పుడు చెప్పు, ఎవరైనా నమ్ముతారు.

నా కుర్రతనంలో ఒక వారపత్రిక ఎడిటర్‌గారు సరిగ్గా ఈ తొట్టి పేరానే కొట్టేసి, "పాఠకులకి ప్రయోగాలు బోరండీ" అన్నారు. సూత్రం చుట్టూ గళ్ళు గీసి అచ్చేశారు. పారితోషికం ఎగ్గొట్టారు. ట్యూషన్లు చెప్పుకుని బతికే రోజులవి, తిరుగుటపా స్టాంపులకి కూడా అప్పే. ఇప్పటి తెగులు "ఐదు పాయింట్లలో అంతా". అది నీకూ అంటినట్టుంది.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడైనా. చివరిగా ఒక లెక్క: 300 కెల్విన్ల (సుమారు 27 డిగ్రీల సెల్సియస్) దగ్గర ఒక మోల్ హీలియంకి అంతర్గత శక్తి సుమారు 3,740 జౌళ్లు, నైట్రోజన్‌కి దాదాపు 6,240. నైట్రోజన్ అణువు తిరుగుతుంది కూడా, ఆ లెక్క నీ వ్యాసంలో లేదు, చేర్చు. శీర్షికలో "అద్భుత రహస్యం" తీసెయ్.