రాజీనామా ఇచ్చేముందు ఇది చదువు

చిరంజీవి కిట్టుకు అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి గుంటూరులో చిరుధాన్యాల టిఫిన్ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో నెల జీతం వద్దనుకున్న మొదటివాడివి నువ్వే. అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అడ్వాన్సు, అద్దె, వంటమాస్టరు, అవన్నీ నువ్వు చూసుకోగలవు. ఇన్సూరెన్స్ సంగతేమిటి? ఉద్యోగంతోపాటే ఆఫీసు పాలసీ కూడా పోతుంది. అమ్మానాన్నలు కూడా అందులోనే ఉన్నారు కదరా!

అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే అడుగు. మారితే ఇక్కడ గడిచిన వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకు క్లెయిం ఇవ్వకుండా ఆగమనే కాలం, అక్కడ కలుస్తుంది. ఆస్పత్రి రూమ్ అద్దెకు పరిమితి లేని పాలసీ చూడు. మీ నాన్నకు 70 దాటాయి, కేంద్ర ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించు. ఆదాయం అడగరు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం.

ఇక నాన్న బీపీ, నీ బోర్డర్ షుగర్. రెండూ పాలసీ ఫారంలో రాయాల్సిందే.

మీ మావయ్య పాలసీ తీసుకున్నప్పుడు ఏజెంటు మా వరండాలోనే కూర్చుని ఫారం నింపాడు. "షుగర్ అని రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్, ఒక్క టాబ్లెట్టే కదా, వదిలేయండి" అన్నాడు. ఈయన కాఫీ తాగుతూ సంతకం పెట్టేశారు. మూడో ఏడు స్టెంట్ వేయాల్సొచ్చింది. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కేస్ షీటులో "షుగర్, ఎనిమిదేళ్లుగా" అని రాశాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని జబ్బు దాచారన్నారు, క్లెయిం కొట్టేశారు, పాలసీ కూడా రద్దు చేశారు. ఆ తర్వాత ఏజెంటు ఫోన్ ఎత్తితే ఒట్టు. నా చంద్రహారం తాకట్టుకెళ్లింది, మళ్లీ రాలేదు. నగ పోతే పోయింది. నేను మందులివ్వడానికి వంగినప్పుడల్లా ఆయన నా మెడ చూడలేక గోడవైపు తిరిగేవారు. అది మర్చిపోలేనురా.

2024 నుంచి రూల్స్ మారాయి. ముందే ఉన్న జబ్బుకైనా 3 ఏళ్లకు మించి ఆగమనకూడదు. ఇంకెందుకు దాచడం? 5 ఏళ్లు ఆపకుండా ప్రీమియం కడితే, మోసమని రుజువైతే తప్ప, దాచారని క్లెయిం కొట్టేయడానికీ లేదు. "అయితే ఆ ఐదేళ్లూ ఎలాగో లాగించేద్దాం" అనే ఫ్రెండు ఒకడుంటాడు. వాడి మాట వినకు.

సంతకం పెట్టేముందు ఫారం ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. నవ్వకు, ఆ చిన్నక్షరాలు నీకంటే ఎక్కువ చదివాను. ప్రారంభానికి ముందు రోజే వస్తాను. కొర్ర పొంగల్లో నెయ్యి దగ్గర మాత్రం పిసినారితనం చేశావో, ఊరుకోను.

అత్తయ్య