వెనకవాడి హారన్‌కి కుడికి తిప్పకు

చిరంజీవి మేనకోడలికి, పెద్ద మావయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ, పడుకున్నాక మళ్ళీ అదే గుర్తొచ్చింది. ఎర్ర లైటు దగ్గర కుడికి తిరగడానికి ఆగావు. వెనకవాడు హారన్ కొట్టాడు. పక్కనున్న నీ ఫ్రెండ్ "వెళ్ళొచ్చే, వెళ్ళు" అంది. కంగారులో తిప్పేశావు. "ఏం కాలేదులే మావయ్యా" అన్నావు. ఏమైనా అయ్యాక చెప్పేందుకు ఏముంటుంది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

నువ్వు బెజవాడలో స్కూటీ నడిపినదానివి. అక్కడ ఫ్రీ లెఫ్ట్ అంటే ఆ సిగ్నల్ మనకి కాదనే లెక్క. కాలు కింద పెట్టకుండా వంపు తిరిగిపోతాం, ముందువాడు అడ్డంగా ఆగితే తిట్టుకుంటాం. ఇక్కడ అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి అదే సంగతి కుడికి మారిందనుకుంటారు మనవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నా, వచ్చిన కొత్తలో. కానీ ఇక్కడి రైట్ ఆన్ రెడ్, అంటే ఎర్ర లైటు ఉన్నా కుడికి తిరగనివ్వడం, వేరు. ఎర్ర లైటు నీకూ ఎర్ర లైటే. ముందు పూర్తిగా ఆగాలి, దారి ఎవరిదో వాళ్ళందరినీ వెళ్ళనివ్వాలి, అప్పుడు ఖాళీ ఉంటే తిరగొచ్చు. తిరగొచ్చు అన్నారు గానీ తిరిగి తీరాలని ఎవరూ అనలేదు. నీకు సరిగ్గా కనబడట్లేదా, వాన పడుతోందా, మనసు ఒప్పుకోవట్లేదా, పచ్చ లైటు పడేదాకా కూర్చో. వెనకవాడు కొడితే కొట్టుకోనీ. అతనికి నీ బంపర్ తప్ప ఏం కనిపిస్తుంది? జరిమానా టికెట్ వచ్చినా అతను కట్టడు.

ఆగడం గురించి ఒక మాట. బండి నిజంగా ఆగితే ముక్కు కాస్త ముందుకు వంగి మళ్ళీ వెనక్కి సర్దుకుంటుంది, సీట్లో నీకే తెలుస్తుంది. ఆ సర్దుబాటు తెలియలేదంటే ఆగలేదన్నమాటే. మనం ఆగామనుకునేది చాలాసార్లు రోలింగ్ స్టాపే, నెమ్మదిగా దొర్లుతూ ఉంటాం. న్యూజెర్సీలో కొన్ని ఊళ్ళలో ఎర్ర లైటు కెమెరాలు ఉండేవి, 2014 చివర్లో తీసేశారు. అవి ఉన్న రోజుల్లో నాకొక టికెట్ వచ్చింది. నేను ఆగానని మీ అత్తతో పందెం కట్టాను. వాళ్ళు పంపిన వీడియో ఇద్దరం కూర్చుని చూశాం. బ్రేకు లైట్లు వెలిగాయి, చక్రం మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. పందెం డబ్బులు, టికెట్ డబ్బులు రెండూ పోయాయి. అప్పట్నించి ఆగాక మనసులో మూడు అంకెలు లెక్కపెడతా. చట్టం అడిగేది చక్రం ఆగడమే, మూడు అంకెలు నా సొంత లెక్క.

ఆగేది కూడా గీత వెనక. నడిచేవాళ్ళ కోసం గీసిన క్రాస్‌వాక్ మీదికి ముక్కు పెట్టి ఆగితే వాళ్ళు నీ బండి చుట్టూ తిరిగి ట్రాఫిక్‌లోకి దిగాలి. గీత దగ్గర నుంచి కనబడదు కదా అంటావు. నిజమే, ఎడమ లేన్‌లో పెద్ద ఎస్‌యూవీ ఆగి ఉంటే అసలేం కనబడదు. అప్పుడు ముందు గీత దగ్గర ఆగు, క్రాస్‌వాక్ మీద ఎవరూ లేరని, దిగబోయేవాళ్ళు కూడా లేరని చూసుకో, ఆ తర్వాత అంగుళం అంగుళంగా ముందుకు జరిగి మళ్ళీ ఆగు.

ఇక అసలు సంగతికి వస్తా. నీకు ఎర్ర లైటు ఉందంటే చాలాసార్లు అడ్డ రోడ్డుకి పచ్చ లైటు ఉంటుంది. అడ్డ రోడ్డు వెంబడి నడిచేవాళ్ళకి తెల్ల మనిషి బొమ్మ వెలిగేది కూడా సాధారణంగా అప్పుడే. అంటే సరిగ్గా నీ బంపర్ ముందు నుంచే వాళ్ళు దాటాలి. నువ్వేమో బండ్లు ఎడమ నుంచి వస్తాయి కాబట్టి మెడ ఎడమకే తిప్పి, సందు కోసం చూస్తూ ఉంటావు. సందు దొరకగానే కాలు దానంతటదే పెడల్ మీద పడుతుంది. ఆ క్షణంలో నీ కుడిచేతి వైపు ఫుట్‌పాత్ మీంచి ఒక మనిషి కిందికి దిగుతాడు.

నాకు దిగాడు. ఎడిసన్‌లో, ఓక్‌ట్రీ రోడ్డుకి దగ్గర్లోనే. డిసెంబరు సాయంత్రం, ఐదు దాటకుండానే చీకటి. ఎడమ నుంచి వరసగా బండ్లు, చాలాసేపటికి ఒక సందు. కదిలాను. మీ అత్త "ఏవండీ!" అని ఒక్క కేక. బ్రేకు తొక్కి తల తిప్పేసరికి బానెట్ ముందు ఒక పెద్దాయన. మంకీ క్యాప్, మోకాళ్ళ దాకా కొడుకుదో అల్లుడిదో జాకెట్. మన ఊళ్ళలో రోడ్డు దాటేటప్పుడు చెయ్యి చాపి బండ్లని ఆపుతాం చూడు, అలాగే అరచెయ్యి నా బండి వైపు చాపి నిలబడ్డాడు. వెనక చీర మీద స్వెట్టర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్ వేసుకున్న పెద్దావిడ. అద్దం దించి సారీ అన్నాను. "చూసుకోవాలి కదా బాబూ" అన్నాడు, తెలుగులోనే. నేను తెలుగువాడినని ఆయనకి ఎలా తెలిసిందో! మీ అత్త కేక విని ఉంటాడు.

విజిటర్ వీసా మీద వచ్చి, పగలంతా ఇంట్లో కూర్చోలేక సాయంత్రం నడకకి బయల్దేరే అమ్మానాన్నలు మన చుట్టుపక్కల వీధుల్లో ఎంతమందో. వాళ్ళ మెడకీ ఇండియా అలవాటే, రోడ్డులోకి దిగేముందు కుడివైపే చూస్తారు. నీకేమో ఎడమ. వచ్చే వేసవికి మీ అమ్మ వస్తే ఆవిడా అలాగే చూస్తుంది. అందుకని నా వరస చెప్తా, అలవాటు చేసుకో: ఎడమ, ఎదురు, కుడి, మళ్ళీ ఎడమ, కాలు తీసేముందు ఆఖరి చూపు మళ్ళీ కుడి. ఆ చివరిది మాత్రం ఎప్పుడూ వదలకు. సైకిలువాళ్ళు, స్కూటర్ మీద డెలివరీ కుర్రాళ్ళు వెనక నుంచి నీ కుడి పక్కకి వచ్చి ఆగుతారు, వాళ్ళు దొరికేది కూడా అందులోనే.

ఎదురు ఎందుకంటావా? ఎదుటి వాళ్ళకి ఎడమకి తిరిగే పచ్చ బాణం పడితే వాళ్ళూ నువ్వు వెళ్ళబోయే రోడ్డులోకే వస్తారు. ఆ సమయంలో నీ ఎడమ నుంచి ఎవరూ రారు. రోడ్డు ఖాళీ అనిపిస్తుంది. ఖాళీ కాదు, వాళ్ళది.

నడిచేవాళ్ళ విషయంలో ఈ రాష్ట్రం గట్టిగానే ఉంటుంది. 2010 ఏప్రిల్ నుంచి గీతలున్న క్రాస్‌వాక్ మీద మనిషి ఉంటే కాస్త తగ్గి పోనివ్వడం కాదు, ఆగి, ఆగే ఉండాలి. తప్పితే 200 డాలర్లు, లైసెన్సు మీద 2 పెనాల్టీ పాయింట్లు. ఇన్సూరెన్స్ వాడి వడ్డింపు వేరే.

బోర్డులు చదువు. 'నో టర్న్ ఆన్ రెడ్' అని రాసి ఉంటే రాత్రి రెండింటికి చుట్టూ పురుగు లేకపోయినా ఆగాల్సిందే. కొన్ని చోట్ల దాని కింద చిన్న అక్షరాల్లో టైములు ఉంటాయి. ఎర్ర బాణం వెలిగితే తిరక్కు. న్యూయార్క్ సిటీకి తీసుకెళ్ళమని నీ ఫ్రెండ్స్ అడిగే రోజు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: సొరంగం దాటి మాన్‌హట్టన్‌లో తేలగానే రూలు తిరగబడుతుంది. అక్కడ తిరగొచ్చని బోర్డు ఉంటే తప్ప ఎర్ర లైటు మీద తిరగకూడదు. జెర్సీ బండ్లు ఆ మొదటి సిగ్నల్ దగ్గరే దొరికిపోతాయి.

అసలు ఈ వెసులుబాటు ఎందుకొచ్చిందో తెలుసా? మన తొందర కోసం కాదు, పెట్రోలు కోసం. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక ఇక్కడ బంకుల దగ్గర క్యూలు కట్టారు. సిగ్నళ్ళ దగ్గర ఊరికే ఇంజన్ తిరిగితే వృథా అని, 1975లో ఫెడరల్ చట్టం తెచ్చి, ఇంధనం పొదుపుకిచ్చే నిధులు కావాలంటే దీన్ని ఒప్పుకోమని రాష్ట్రాలకి చెప్పారు. పడమటి రాష్ట్రాల్లో అంతకు ముందే ఉంది. చిట్టచివర ఒప్పుకున్నది మసాచుసెట్స్, 1980 జనవరి 1 నుంచి.

ఇక మర్యాదలు. తిరిగేటప్పుడు కుడి చివరి లేన్‌లోకే తిరుగు, అవతలి లేన్‌లోకి ఊగిపోకు. ముందు బండి కదలట్లేదని హారన్ కొట్టకు, అతనికి కనిపించే మనిషి నీకు కనిపించకపోవచ్చు. అతను నేరుగా వెళ్ళేవాడే కావచ్చు కూడా. నువ్వు నేరుగా వెళ్ళేటప్పుడు వీలుంటే కుడి లేన్ వదిలి పక్క లేన్‌లో ఆగు, తిరిగేవాళ్ళు సంతోషిస్తారు. వీలు లేకపోతే నీ తప్పేం లేదు. అవతలివాడు చెయ్యి ఊపి "రా, రా" అన్నాడని కదలకు, అతని పక్క లేన్ సంగతి అతనికి తెలియదు.

రూట్ 1 హైవే మీద చాలా చోట్ల ఎడమకి వెళ్ళాలంటే కుడి పక్కకి దిగాలి, దాన్ని జగ్‌హ్యాండిల్ అంటారు. అది కాగితం మీద అర్థం కాదు, చూపించాలి.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వస్తా, ట్రాఫిక్ లేచేలోపు ఒక గంట తిప్పుదాం. పర్మిట్ మర్చిపోకు. మీ అత్త వెనక సీట్లో కూర్చుంటానంటోంది. కేక వేయనని మాట ఇచ్చింది గానీ, నమ్మకం లేదు.

ఇట్లు,
మీ పెద్ద మావయ్య