ఫోల్డర్ కనబడక ఆగిన బ్యాకప్

ప్రశ్న: విండోస్ 10లో ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’తో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తుంటాను. ఈమధ్య 0ఎక్స్80070002 అనే ఎర్రర్ వస్తోంది. డిస్క్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొత్త డిస్క్ కొనేయకండి, ఆగండి. అడిగిన ఫైల్ అక్కడ లేదు, ఆ నంబరు చెప్పేది అంతే (చివర 2 బదులు 3 ఉంటే అసలు ఆ దారే లేదని). చాలామంది విషయంలో జరిగేదేమిటంటే, వీడియోసో మ్యూజిక్కో ఏదో ఒక ఫోల్డర్‌ని ఎప్పుడో డిలీట్ చేసేస్తారు, లేదా డి డ్రైవ్‌లోకి మార్చేస్తారు, బ్యాకప్ మాత్రం ఇల్లు మారిన వాళ్ల పాత అడ్రసుకి వెళ్లి తలుపు కొడుతూనే ఉంటుంది. ఎర్రర్ దగ్గరున్న ‘ఆప్షన్స్’ నొక్కి, స్కిప్ అయిన ఫైళ్ల లిస్ట్ తెరవండి, ఏ ఫోల్డరో అందులోనే రాసి ఉంటుంది. అది మీదే అయితే అదే చోట అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టి చూడండి. ఇంకా మంచిది, ‘చేంజ్ సెట్టింగ్స్’లోకి వెళ్లి, ‘లెట్ మి చూజ్’ ఎంచుకుని దాని టిక్ తీసేయండి. ఆ లిస్ట్‌లోని పాత్‌లో (ఫోల్డర్ దారిలో) ‘సిస్టమ్‌ప్రొఫైల్’ అని, అంటే విండోస్ సొంత ఫోల్డర్ పేరు, కనిపించినా టిక్ తీసేయడమే మందు. దీనికోసం రిజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోట) వేలు పెట్టొద్దు. తర్వాత బ్యాకప్ మళ్లీ నడిపి, నాలుగైదు ఫొటోలు వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.