జూకో తిరిగొచ్చిన ఎపిసోడ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' మూడో సీజన్ 12వ ఎపిసోడ్ 'ది వెస్టర్న్ ఎయిర్ టెంపుల్' మీద రాసిన రివ్యూకి చాలా ఉత్తరాలొచ్చాయి. కథానాయకుడు ఆంగ్ గాలి, నీరు, నేల, నిప్పు నాలుగింటినీ ఆడించగల అవతార్, అతన్ని మొదటి సీజన్ నుంచీ వెంటాడిన ఫైర్ నేషన్ యువరాజు జూకో ఈ ఎపిసోడ్‌లో తనంతట తనే ఆంగ్ గ్రూప్ దగ్గరికొచ్చి నన్ను మీలో కలుపుకోండి, ఆంగ్‌కి ఫైర్‌బెండింగ్, అంటే నిప్పుని ఆడించే విద్య నేర్పిస్తా అని అడుగుతాడు. పాత శత్రువు తిరిగి రావడాన్ని ఇంత ఓపిగ్గా చూపించిన ఎపిసోడ్ ఈ సిరీస్‌లో ఇంకోటి లేదని రాశాను, ఎక్కువమంది దాన్నే పట్టుకున్నారు. ఇంకా చూడనివాళ్ళు మూడో ప్రశ్న ఒక్కటే చదవండి, మిగతావాటిలో కథంతా బయటపడిపోతుంది.

ప్రశ్న: మీరు అంత మెచ్చుకున్నారు గానీ నాకైతే అన్యాయం అనిపించింది. ఊరు మీద పడ్డాడు, వెంటాడాడు, చివరికి చంపడానికి మనిషిని కూడా పెట్టాడు, అలాంటోణ్ణి ఒక్క ఎపిసోడ్‌లో క్షమించేసి గ్రూప్‌లో కలిపేసుకోవడమేంటండీ?

క్షమించారని మీకెక్కడ అనిపించిందో గానీ ఇంకోసారి చూడండి, ఆ ఎపిసోడ్‌లో వాళ్ళు జూకోని చేర్చుకున్నారంతే, క్షమించలేదు. ఈ రెండూ వేరువేరని ఆ రైటర్లకి బాగా తెలుసు, నాకు ఈ ఎపిసోడ్ అంత నచ్చడానికి అసలు కారణం అదే.

మొదటిసారి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. తను చేసిన మంచి ఒకటి చెప్పుకుంటాడు, బా సింగ్ సే నగరంలో ఆంగ్ ఎగిరే బైసన్ ఆపాని వదిలిపెట్టింది నేనే అని, అది నిజమే కాబట్టి ఆపా వచ్చి నాకుతుంది కూడా, కానీ మనుషులు కరగరు. ఆంగ్ స్నేహితుడు సోకా, జూకో మీద పడ్డ తన ఊరి సంగతి ఎత్తుతాడు. అప్పుడు జూకో తప్పులన్నీ ఒప్పుకునే ఊపులో మిమ్మల్ని చంపడానికి ఆ హంతకుడు కంబస్టన్ మ్యాన్‌ని పంపింది కూడా నేనే అనేస్తాడు, వాళ్ళకి అప్పటిదాకా ఆ సంగతి తెలీదు! నిజం చెప్తే దగ్గరవుతాం అనుకున్నోడికి ఆ నిజమే అడ్డం తిరిగింది. పోనీ ఖైదీగానైనా ఉంచుకోండి అని మోకాళ్ళ మీద కూర్చుంటాడు, దానికీ ఒప్పుకోరు, సోకా చెల్లెలు, నీళ్ళని ఆడించే కటారా నీళ్ళతో కొట్టి పంపించేస్తుంది. చేతులు జోడించగానే కౌగిలించుకునే సీన్లు మనం బోలెడు చూశాం కాబట్టి ఇక్కడ కూడా అదే జరుగుతుందనుకుంటాం, జరగదు.

నా లెక్క ఏంటంటే, నలుగురి దగ్గర అప్పు చేసినవాడు ఒకరికి తీర్చేసి అందరిదీ తీరిపోయిందంటే మిగతా ముగ్గురూ ఊరుకోరు కదా, ఈ సిరీస్ కూడా ఊరుకోలేదు. తర్వాతి ఎపిసోడ్లు చూడండి, 13లో ఆంగ్‌తో కలిసి డ్రాగన్ల దగ్గరికి వెళ్తాడు, 14, 15లో సోకాతో బాయిలింగ్ రాక్ జైలుకి, 16లో కటారాతో వాళ్ళమ్మని చంపినవాణ్ణి వెతకడానికి. ఎవరి లెక్క వాళ్ళతో విడిగా తేల్చుకున్నాడు, ఈ 12వ ఎపిసోడ్ ఆ ఖాతాలు తెరిచిన చోటు మాత్రమే.

ప్రశ్న: కటారా ఎప్పుడూ అందరి మీదా జాలి చూపిస్తుంది కదా, జూకో దగ్గరికొచ్చేసరికి అంత కఠినంగా ఎందుకుంది? చివర్లో ఆ బెదిరింపు చూసి మా చెల్లి భయపడింది.

మీ చెల్లి భయపడిందంటే సీన్ పనిచేసినట్టే. అందరూ ఒప్పుకున్నాక, సోకా గది కూడా చూపించాక, జూకో ఒక్కడే ఉన్నప్పుడు కటారా గుమ్మం దగ్గరికొస్తుంది. అరవదు. నువ్వు మారావని వీళ్ళంతా నమ్ముండొచ్చు గానీ ఒక్క అడుగు వెనక్కి వేశావా, ఆంగ్‌కి హాని చేస్తావని నాకు చిన్న అనుమానం వచ్చిందా, నీ కథ అక్కడికక్కడే నేనే ముగిస్తా అన్న అర్థం వచ్చేలా చెప్పి తలుపేసి వెళ్ళిపోతుంది. ఎపిసోడ్ అక్కడే అయిపోతుంది, సంతోషంగా సంగీతం పెట్టి ముగించలేదు చూడండి, ఆ ధైర్యానికి నేను దణ్ణం పెడతా.

ఇక ఎందుకంత కోపం అంటే, రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో వీళ్ళిద్దరూ బా సింగ్ సే కింద ఒకే చెరలో ఉంటారు. ఇద్దరూ అమ్మల గురించి మాట్లాడుకుంటారు, జూకో మొహం మీది మచ్చని నయం చేస్తానని స్పిరిట్ ఒయాసిస్ అనే పవిత్రమైన చోటు నుంచి తెచ్చుకున్న మహిమ గల నీళ్ళు కూడా తీస్తుంది, అంత దగ్గరగా వెళ్ళి మచ్చ మీద చెయ్యి కూడా పెడుతుంది. కాసేపటికే అతను చెల్లెలు అజూలా పక్షాన చేరిపోయాడు, అజూలా మెరుపుకి ఆంగ్ దాదాపు చచ్చిపోయాడు. అంటే మిగతావాళ్ళకి జూకో తమతో పోట్లాడినవాడు, కటారాకి మాత్రం ఒకసారి నమ్మి మోసపోయిన మనిషి. జాలి ఎక్కువున్నవాళ్ళకే ఇలాంటి దెబ్బ లోతుగా దిగుతుంది. మిగతావాళ్ళ కోపాన్నీ ఆమె కోపాన్నీ ఒకే గాటన కట్టలేదు కాబట్టే అది అంత నిజంగా ఉంది.

ప్రశ్న: నేను ఈ సిరీస్ చూడలేదు. మీ రివ్యూ చదివాక డైరెక్ట్‌గా ఈ ఒక్క ఎపిసోడ్ చూడొచ్చా?

చూడొద్దండీ, దయచేసి. మొత్తం 61 ఎపిసోడ్లే, 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై దాకా నికెలోడియన్‌లో వచ్చింది, మొదట్నుంచీ చూస్తే బాగుంటుంది. అంత టైం లేదు అంటే మాత్రం జూకో దారి పట్టుకోవడానికి కనీసం ఇవి చూడండి: మొదటి సీజన్‌లో 'ది స్టార్మ్', 'ది బ్లూ స్పిరిట్', రెండో సీజన్‌లో 'జూకో అలోన్', 'లేక్ లావోగై', ఆఖరి ఎపిసోడ్, మూడో సీజన్‌లో సూర్యగ్రహణం రోజు కథ చెప్పే రెండు భాగాలు. ఆ రెండు భాగాల్లోనే తండ్రి ఎదుట నిలబడి నీ దారి నీది నా దారి నాది అని చెప్పి వచ్చేస్తాడు, ఆ సీన్ తెలియకుండా ఇది చూస్తే సగం రుచి పోతుంది.

ప్రశ్న: కప్పతో మాట్లాడే సీన్‌ని అంత పొగిడారు, నాకది పిల్లల కామెడీలా ఉంది. సీరియస్ ఎపిసోడ్‌లో అది అవసరమా?

అవసరమే అని గట్టిగా చెప్తా. వాళ్ళ ముందుకి వెళ్ళే ముందు జూకో చెట్ల మధ్య కూర్చుని ఒక కప్పలాంటి జంతువు ముందు రిహార్సల్ చేసుకుంటాడు. హలో, జూకో హియర్ అని మొదలుపెడతాడు, తర్వాత ఏమనాలో తెలీదు. పెదనాన్న అయిరో అయితే ఏం చెప్పేవాడు అని ఆయన గొంతు పెట్టి ఏదో వేదాంతం మొదలుపెడతాడు, అది తనకే అర్థం కాదు. అజూలా అయితే అని ఆమె గొంతు పెడతాడు, అది నేరుగా బెదిరింపు అయి కూర్చుంటుంది. నవ్వొస్తుంది, నిజమే, కానీ ఏం చూపిస్తున్నారో గమనించండి. ఈ కుర్రాడికి పుట్టినప్పట్నుంచీ ఆజ్ఞలివ్వడం తెలుసు, బతిమాలడం రాదు. పదమూడేళ్ళకే తండ్రి మొహం కాల్చి దేశం నుంచి వెళ్ళగొట్టాడు, ఆ తర్వాత మూడేళ్ళు కోపంతోనే బతికాడు. సారీ చెప్పడం ఎలాగో నేర్పినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్క పెదనాన్నే, ఆయన గొంతు అరువు తెచ్చుకున్నా మాటలు కుదరట్లేదు, చెల్లెలి గొంతు తెస్తే విషం వస్తోంది, సొంత గొంతు ఇంకా రాలేదు. ఒక్క నిమిషం సీన్‌లో ఇంత చెప్పారు. పెద్ద ఫ్లాష్‌బ్యాక్ వేసి ఏడిపించినా ఇంత వచ్చేది కాదు.

ఫ్లాష్‌బ్యాక్ అంటే గుర్తొచ్చింది, ఇందులో చిన్నది ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. దేశం వదిలిన కొత్తలో, కంటికి కట్టు ఇంకా విప్పకముందే జూకో అయిరోతో కలిసి ఈ ఎపిసోడ్ జరిగే ఇదే గుడికి అవతార్‌ని వెతుక్కుంటూ వస్తాడు. పట్టుకోవాలని వెతికిన చోటికే ఇన్నాళ్ళకి నన్ను మీలో కలుపుకోండని వచ్చాడు. గుడి కూడా కొండ అంచు కింద తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. ఎవరూ నోటితో చెప్పరు, చూసేవాళ్ళకి వదిలేశారు.

ప్రశ్న: కంబస్టన్ మ్యాన్ ఫైట్ గురించి మీరు నెగటివ్‌గా రాశారు, నాకైతే ఎపిసోడ్‌లో అదే హైలైట్!

ఫైట్ బాలేదని రాయలేదండీ, పేలుళ్ళూ, ఆ ఎత్తూ బ్రహ్మాండంగా తీశారు. నా ఫిర్యాదు ఏంటంటే అది మరీ సరైన టైంకి వచ్చింది. రాత్రి ఆంగ్ గ్రూప్‌లో నేలని ఆడించే టోఫ్ ఒక్కతే జూకో దగ్గరికి వెళ్తుంది, మొదట్నుంచీ అతను నిజమే చెప్తున్నాడని అందరికీ చెప్పింది ఆమే, నేల కదలికల్ని బట్టి అబద్ధం పసిగడుతుంది కదా. చీకట్లో ఎవరో అనుకుని కంగారుపడి జూకో నిప్పు విసురుతాడు, ఆమె పాదాలు కాలతాయి. చూపు లేని ఆ పిల్లకి పాదాలే కళ్ళు! తనవైపు నిలబడ్డ ఒక్క మనిషినీ అంత చోట దెబ్బ కొట్టాడు. ఇక్కడ కథ ఎంత ఇరుకున పడిందంటే ఇందులోంచి మాటలతోనే ఎలా బయటికి తెస్తారా అని ఎదురుచూస్తాం, సరిగ్గా అప్పుడు ఆ హంతకుడు దిగుతాడు. జూకో అడ్డం వెళ్తాడు, ఆపెయ్ అంటాడు, డబ్బులివ్వనంటాడు, రెట్టింపు ఇస్తా ఆపు అని కూడా అంటాడు, వాడు వినడు. రైటర్లు కాస్త తేలిక దారి పట్టారనిపించింది.

అయినా రెండు విషయాల్లో నిలబెట్టుకున్నారు. ఒకటి, ఫైట్ గెలిచింది జూకో కాదు, సోకా బూమరాంగ్. జూకో కిందికి జారి ఒక తీగ పట్టుకుని బతుకుతాడంతే, బలం చూపించి చోటు సంపాదించుకోలేదు. రెండోది ఇంకా ముఖ్యం, ఆంగ్ మనసు మారింది ఫైట్ చూసి కాదు. అంతా అయ్యాక జూకో టోఫ్‌కి సారీ చెప్తూ నిప్పు ప్రమాదకరమైంది, తెలియకుండానే మనుషుల్ని గాయపరుస్తుంది, నేను ఇంకా జాగ్రత్తగా ఉండాలి అంటాడు. ఆంగ్ మొదటి సీజన్‌లో ఫైర్‌బెండింగ్ మొదలుపెట్టిన కొత్తలోనే కటారా చేతులు కాల్చాడు, అప్పట్నుంచీ ఆ విద్యంటేనే భయం, నేర్చుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. కాబట్టి తన భయం తెలిసినవాడే తనకి గురువు కావాలి. టోఫ్ కాళ్ళు కాల్చిన తప్పే చివరికి అతన్ని గురువుని చేసిందన్నమాట, ఈ మెలిక కోసం ఆ పేలుళ్ళన్నీ మాఫీ చేసేయొచ్చు.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను, యానిమేషన్ సిరీస్‌ల మీద రివ్యూలు రాస్తుంటాను. పాత రైవల్ తిరిగొచ్చే ఎపిసోడ్‌ని రివ్యూ చేసేటప్పుడు ఏం చూడాలి సార్?

నువ్వు రాస్తున్నందుకు చాలా సంతోషం తమ్ముడూ. చాలామంది రివ్యూల్లో ఎంట్రీ అదిరింది, పవర్ పెరిగింది, కొత్త డ్రెస్ బాగుంది, ఇక్కడే ఆగిపోతారు. నువ్వు అతన్ని చూడకు, అతను వచ్చాక మిగతావాళ్ళ మొహాలు చూడు. ఎవరికి ఏం జరిగిందో ఆ కథకి గుర్తుందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. జూకో ఎపిసోడ్‌లో సోకాకి ఊరు గుర్తుంది, కటారాకి ఆ చెర గుర్తుంది, టోఫ్‌కి అతనితో పాత గొడవేమీ లేదు కాబట్టే అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఇంతకన్నా ఘోరంగా తయారవ్వాల్సింది అని చల్లగా అనగలిగింది. అందరూ ఒకే మాట ఒకే కోపంతో అంటున్నారంటే ఆ రైటర్ పాత ఎపిసోడ్లు మర్చిపోయాడని రాసెయ్, భయపడకు.

ఇంకోటి, అతను తిరిగి రావడానికి ఏం పోగొట్టుకున్నాడో చూడు. జూకో యువరాజు పదవీ, మూడేళ్ళు కలలుగన్న తండ్రి మెప్పూ చేతికందాక వదులుకుని వచ్చాడు, ఓడిపోయి దిక్కులేక రాలేదు. ఓడినవాడు వచ్చి చేరితే అది అవసరం, గెలిచాక వస్తే దాని బరువు వేరు. ఇక కథ మొత్తం పూసగుచ్చినట్టు రాయకు, ఒక్క సీన్ తీసుకుని దాని దగ్గరే కాసేపు ఉండు, చదివేవాడికి నీ కళ్ళతో ఆ సీన్ కనిపించాలి.

ప్రశ్న: మొదటి సీజన్‌లో కనిపించిన జెట్ కూడా రెండో సీజన్‌లో తిరిగొచ్చాడు కదా, అతని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం?

మంచి ప్రశ్న, రాయాల్సిందే. ఫైర్ నేషన్ మీద పగతో అమాయకులున్న ఊరినే ముంచెయ్యబోయిన జెట్, బా సింగ్ సేకి కొత్త జీవితం కోసం వస్తాడు. ఓడలో జూకో పరిచయమై స్నేహం కూడా కుదురుతుంది, తర్వాత అయిరో టీ వేడి చేసుకోవడం చూసి వీళ్ళు ఫైర్‌బెండర్లని పసిగట్టి మళ్ళీ పాత పగలోకే జారిపోతాడు. అతని అనుమానం నిజమే, కానీ ఆ ఇద్దరూ అప్పుడు ఎవరికీ హాని చేయట్లేదు, టీ కొట్లో పని చేసుకుంటున్నారు. జెట్ మారాలని నిజంగానే అనుకున్నాడు, ఆ నగరం అతనికి టైమ్ ఇవ్వలేదు, పట్టుకెళ్ళి మెదడు కడిగేశారు, ఆఖరికి లావోగై సరస్సు కిందే కథ ముగిసింది. జూకోకి అయిరోలాంటి మనిషి ఒకరు ఉన్నారు, జెట్‌కి వెనకే నడిచే పిల్లలు తప్ప వద్దని ఆపే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. వచ్చే సంచికలో 'లేక్ లావోగై' ఎపిసోడ్ ఒక్కదాని మీదే రాస్తాను, ఈలోపు మీరూ ఇంకోసారి చూసి మీకు నచ్చనివి ఏమైనా ఉంటే రాసి పంపండి.