తమ్ముడి బెట్టింగ్ అప్పు తీర్చడానికి నా బంగారం తాకట్టు పెట్టనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. తమ్ముడికి మొబైల్ రిపేరు షాపు ఉంది, నెలకి 18,000 దాకా మిగులుతుంది. రెండేళ్లుగా వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే టిప్స్ చూసి క్రికెట్ మీద పందేలు కాస్తున్నాడు. ఆ గ్రూపుల్లో ఆంధ్ర వైపు పాతపట్నం, టెక్కలి స్నేహితులు కూడా ఉన్నారు. ఇప్పుడు 1,35,000 అప్పు బయటపడింది. అందులో లోన్ యాప్‌లకి 60,000, చీటీల ఆవిడకి 25,000, మిగతాది స్నేహితులకి కట్టాలి. నా నాలుగు తులాల బంగారం తాకట్టు పెట్టి డబ్బిస్తే ఒక్క సీజన్‌లో అంతా రాబట్టి విడిపించేస్తానంటున్నాడు. నెలకి 3,000 ఇస్తామంటే తన బ్యాంకు అకౌంటు ఒకటి గ్రూపు అడ్మిన్‌కి వాడుకోమని ఇచ్చాడట. ఏం చేయను?

జవాబు: బంగారం ఇవ్వకండమ్మా. అయితే నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు చివర్లో రాసిన ఆ అకౌంటు సంగతి. దాంట్లో పడేది ఊరూపేరూ తెలియని వాళ్ల పందేల డబ్బు, ఒక్కోసారి మోసపోయిన వాళ్ల డబ్బు. ఎక్కడో ఒకరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే ఆ అకౌంటును ఫ్రీజ్ చేస్తారు. పోలీసులకి కనిపించే పేరు మీ తమ్ముడిదే, అడ్మిన్‌ది కాదు. రేపు బ్యాంకు తెరవగానే ఇద్దరూ వెళ్లి అకౌంటు ఆపేయమని రాసిచ్చి, రసీదు తీసుకోండి. ఏటీఎం కార్డు, సిమ్ అవతలివాళ్ల దగ్గర ఉంటే అవీ బ్లాక్ చేయించండి. ఇప్పటికే ఏదైనా నోటీసు వచ్చి ఉంటే ముందు వకీలుని కలవండి.

ఇక ‘ఒక్క సీజన్‌లో రాబడతాను’ అన్న మాట. అతను అబద్ధం చెబుతున్నాడని నేననుకోను. గ్రూపు అతనికి అలాగే చూపిస్తోంది. అడ్మిన్ దగ్గర 1,600 మంది ఉన్నారనుకోండి. సగం మందికి ఒక జట్టు గెలుస్తుందనీ, మిగతా సగానికి రెండోది గెలుస్తుందనీ పంపుతాడు. టిప్ నిజమైన 800 మందిని మళ్లీ రెండుగా చీలుస్తాడు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి 100 మంది మిగులుతారు. వాళ్ల కళ్లతో చూస్తే ఆ మనిషి నాలుగుకి నాలుగూ చెప్పాడు! ఐదో మ్యాచ్‌కి వాళ్లని వీఐపీ గ్రూపులోకి రమ్మని డబ్బు అడుగుతాడు. ఇంత కష్టపడని వాళ్లు తప్పిన టిప్స్‌ని గ్రూపులోంచి డిలీట్ చేసేస్తారు. చాలామంది అడ్మిన్‌లకి వచ్చే కమిషన్ సభ్యులు వేసిన డబ్బులోంచి, పోగొట్టుకున్న డబ్బులోంచే. ‘ఇది రికవరీ మ్యాచ్, డబుల్ వెయ్యండి’ అని రాసేది అందుకే.

టిప్ నిజాయితీగా ఇచ్చినా లెక్క కుదరదు. రెండు జట్ల మీదా 1.90 రేటు ఉందనుకోండి, అంటే గెలిస్తే వేసిన రూపాయికి మొత్తం 1.90 తిరిగొస్తుంది. చెరో 1,000 వేస్తే ఎవరు గెలిచినా 2,000కి చేతికొచ్చేది 1,900. పందెం కాసిన ప్రతిసారీ ఆ తరుగు ఉంటుంది. లాభనష్టాలు లేకుండా నిలబడాలన్నా నూటికి 53 సార్లు గెలవాలి.

ఇందులో స్నేహితుల పాత్ర కూడా ఉంది. ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌కి 7 గంటలకి టాస్ పడగానే గ్రూపు మోగిపోతుంది. టెక్కలి కుర్రాడు 8,000 గెలిచిన స్క్రీన్‌షాట్ పెడితే అందరూ చప్పట్లు కొడతారు. అదే రాత్రి పోగొట్టుకున్న వాళ్లు నోరు మెదపరు. అలా రోజూ చూస్తుంటే అందరూ గెలుస్తున్నారు, తను ఒక్కడే వెనకబడ్డాడు అనిపించడం సహజం. అతని మీద కోప్పడే ముందు ఇది గుర్తుంచుకోండి.

‘ఆంధ్రలో నిషేధం గానీ ఒడిశాలో పర్వాలేదు’ అని గ్రూపులో ఎవరైనా అంటే నమ్మకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పాతపట్నానికీ పర్లాకిమిడికీ ఒకటే. ఆ చట్టంలో ఆడినవాళ్లకి శిక్ష లేదు. నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు, ప్రచారం చేసేవాళ్లకి రెండేళ్ల వరకు జైలు ఉంది. బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. మీ తమ్ముడు తన రిఫరల్ లింకులు ఎవరికైనా పంపుతుంటే ఈరోజే ఆపమనండి.

అప్పు అతని సంపాదనతోనే తీరాలి. నెలకి 9,000 పక్కన పెడితే అసలుకే 15 నెలలు పడుతుంది, వడ్డీతో ఏడాదిన్నర దాటొచ్చు. ముందు లోన్ యాప్‌లవి తీర్చండి, వాటి వడ్డీయే ఎక్కువ. చీటీల ఆవిడ దగ్గరికి మీరూ వెళ్లి గడువు అడగండి. స్నేహితులకి ఎంతెంత ఇవ్వాలో అతని చేతే రాయించండి. షాపు గల్లా, క్యూఆర్‌లో పడిన డబ్బుతో సహా, టాస్ వేళకి ముందే మీ అమ్మగారి దగ్గరికి చేరాలి. చాలా బ్యాంకు యాప్‌లలో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించుకోవచ్చు, అదీ చేయించండి.

మామూలుగా అయితే లోన్ యాప్ అప్పు కంటే బంగారం మీద లోన్ చవక, మార్చుకోమనే చెబుతాను. ఇప్పుడు మాత్రం వద్దు. గ్రూపులన్నీ వదిలి, మూడు నెలలు ఒక్క పందెం కూడా కాయలేదని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మీరే చూశాక ఆలోచించండి. అప్పుడైనా లోన్ యాప్‌లకి మిగిలిన బాకీ వరకే, మీ పేరు మీదే తీసుకుని, మీ చేత్తోనే కట్టండి. అతని చేతికి రూపాయి వెళ్లకూడదు.

మానలేకపోతున్నానని అతను అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఈ టెన్షన్‌తో మీకు నిద్ర పట్టకపోతే మీరూ అదే నంబరుకి చేయొచ్చు.